స్లడ్జ్ దిగడం లేదా? ఓజోన్ కొటేషన్ మీద సంతకం పెట్టేముందు

వెయ్యి ఎంఎల్ జార్‌లో పోసి అరగంట ఆగినా స్లడ్జ్ (మురుగుని శుద్ధి చేసే బ్యాక్టీరియా ముద్ద) 850 గీత దగ్గరే బైఠాయించింది. క్లారిఫయర్‌లో (స్లడ్జ్ దిగాల్సిన ట్యాంక్‌లో) స్లడ్జ్ పొర పైకి వచ్చేసి, నీళ్లు పొర్లే గట్టు మీదుగా తునకలు తునకలుగా బయటికి పోతోంది. ఎంఎల్‌ఎస్‌ఎస్, అంటే గాలి ఊదే ఏరేషన్ ట్యాంక్‌లో లీటర్‌కి ఎన్ని మిల్లీగ్రాముల స్లడ్జ్ ఉందనే లెక్క, రోజురోజుకీ పడిపోతోంది. ఇలాంటప్పుడు ప్లాంట్‌కి వచ్చినవాళ్లందరూ తలో సలహా ఇస్తారు. కెమికల్ సప్లయర్ పాలీ (స్లడ్జ్‌ని గడ్డకట్టించే పాలిమర్) వేయమంటాడు. పాత ఆపరేటర్ రెండు క్యాన్ల హైపో (సోడియం హైపోక్లోరైట్) పోస్తే చాలంటాడు. ఇంకొకరు పేడ, బెల్లం తెప్పించమంటారు. ఈమధ్య వీళ్లకి తోడు ఓజోన్ జనరేటర్లు అమ్మేవాళ్లు కూడా చేరారు. క్లారిఫయర్ నుంచి ఏరేషన్ ట్యాంక్‌కి స్లడ్జ్ తిరిగొచ్చే రీసైకిల్ స్లడ్జ్ లైన్‌లో ఓజోన్ ఇస్తే వారంలో ఎస్‌వీఐ (స్లడ్జ్ ఎంత బాగా దిగుతుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) సగానికి వస్తుందని వాళ్ల మాట.

ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే అన్ని ప్లాంట్లకీ అది వర్తించదు. మీది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోకుండా లక్షలు పెట్టకండి. ఈటీపీ (పరిశ్రమల మురుగు శుద్ధి ప్లాంట్), ఎస్‌టీపీ (ఇళ్ల మురుగు శుద్ధి ప్లాంట్) ఇన్‌చార్జ్‌లనీ, అపార్ట్‌మెంట్ సంఘంలో ఈ తలనొప్పి నెత్తిన పడ్డవాళ్లనీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు రోగం ఏమిటో తెలియాలి

ఎస్‌వీ30 (ఆ జార్‌లో అరగంటకి వచ్చిన గీత) ఒక్కటే చూసి బల్కింగ్ (స్లడ్జ్ ఉబ్బి దిగకపోవడం) అనేయకండి. ఎస్‌వీ30ని వెయ్యితో హెచ్చవేసి ఎంఎల్‌ఎస్‌ఎస్‌తో భాగిస్తే వచ్చేదే ఎస్‌వీఐ. ఎంఎల్‌ఎస్‌ఎస్ 3,500 ఉండి ఎస్‌వీ30 850 వచ్చిందంటే ఎస్‌వీఐ 243. ఇది నిజమైన బల్కింగే. అదే ఎంఎల్‌ఎస్‌ఎస్ 6,500 ఉండి ఎస్‌వీ30 700 వచ్చిందంటే ఎస్‌వీఐ 108 మాత్రమే. అక్కడ స్లడ్జ్ బాగానే ఉంది, కాకపోతే ట్యాంక్‌లో ఉండాల్సినదానికంటే ఎక్కువైంది. వేస్టింగ్ (మిగులు స్లడ్జ్‌ని తీసేయడం) పెంచితే సరిపోయేదానికి ఏ మందూ అక్కర్లేదు. సాధారణంగా 150 దాటితే బల్కింగ్ కిందే లెక్క.

ఎస్‌వీఐ నిజంగానే ఎక్కువ ఉంటే తర్వాతి పని మైక్రోస్కోప్. స్లడ్జ్ దిగకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్క ఫిలమెంట్ల బల్కింగ్‌కి మాత్రమే ఓజోన్, క్లోరిన్, పెరాక్సైడ్ పనికొస్తాయి. ఫిలమెంట్లంటే దారప్పోగుల్లాంటి బ్యాక్టీరియా. ఇవి ఫ్లాక్‌లోంచి (బ్యాక్టీరియా కలిసి కట్టిన చిన్న ముద్దలోంచి) బయటికి పొడుచుకొచ్చి, పక్క ఫ్లాక్‌లతో చిక్కుపడి, స్లడ్జ్‌ని దూదిలా ఉబ్బిస్తాయి. పైన నీళ్లు తేటగా ఉండి కింద స్లడ్జ్ మాత్రం దిగకపోతే చాలాసార్లు ఇదే కారణం.

పైన నీళ్లు పాలలా మసకగా ఉన్నాయంటే అది వేరే జబ్బు. ఫ్లాక్ విడిపోయింది. విషపదార్థమో, టీడీఎస్‌లో (నీళ్లలో కరిగిన లవణాల్లో) ఒక్కసారిగా వచ్చిన మార్పో కారణం కావచ్చు. అక్కడ ఓజోన్ ఇవ్వడమంటే పుండు మీద కారం చల్లడమే. జార్‌లో చక్కగా దిగిన స్లడ్జ్ గంటా రెండు గంటల తర్వాత బుడగలతో గడ్డలుగా పైకి తేలితే అది డీనైట్రిఫికేషన్, అంటే నైట్రేట్ నుంచి నైట్రోజన్ గ్యాస్ పుట్టడం. దానికి మందు రీసైకిల్ పెంచి క్లారిఫయర్‌లో స్లడ్జ్ నిల్వ ఉండకుండా చూడటం. ఫిలమెంట్లు లేకుండా స్లడ్జ్ జిగురుగా, జెల్లీలా ఉంటే నైట్రోజన్, ఫాస్ఫరస్ సరిపోవడం లేదేమో చూడాలి. బీఓడీ (బ్యాక్టీరియా తినగల కర్బన పదార్థం కొలత) 100కి నైట్రోజన్ 5, ఫాస్ఫరస్ 1 అన్న పాత లెక్క అక్కడ అక్కరకొస్తుంది. యూరియా, డీఏపీ బస్తాలతో తీరే సమస్యకి ఓజోన్ ప్లాంట్ పెట్టినవాళ్లు ఉన్నారంటే ఆశ్చర్యపోకండి.

1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ ఈ యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతిని కనిపెట్టినప్పుడు చేసిన అసలు పని గాలి ఊదడం కాదు. అది అంతకుముందూ ఉంది. వాళ్లు గాలి ఊదాక స్లడ్జ్‌ని దిగనిచ్చి, పారబోయకుండా, కొత్త మురుగులో మళ్లీ కలిపారు. దిగడం ఆగిపోతే ఈ మొత్తం పద్ధతికి పునాదే ఉండదు. అందుకే ఇంత టెన్షన్.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఏ మందునైనా ఐదు విషయాల మీద తూచాలి. ఎన్నిరోజుల్లో ఫలితం కనిపిస్తుంది. ఫిలమెంట్లతో పాటు మంచి ఫ్లాక్‌కీ, అమ్మోనియాని తీసేసే నైట్రిఫయర్లకీ ఎంత దెబ్బ తగులుతుంది. పెట్టుబడి ఎంత, రోజూ ఖర్చు ఎంత. నైట్ షిఫ్ట్‌లో ఒక్కడే ఉన్న ఆపరేటర్ దాన్ని ప్రమాదం లేకుండా నడపగలడా. చివరిగా, బయటికి పోయే నీళ్లలో అది ఏం మిగులుస్తుంది.

ఆరోది కూడా ఉంది, కానీ దాని మీద ఓజోన్, క్లోరిన్, పెరాక్సైడ్ మూడింటికీ దాదాపు సున్నా మార్కులే: కారణాన్ని తొలగిస్తుందా? డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) తక్కువైతే ఒకరకం ఫిలమెంట్, సల్ఫైడ్ వస్తే ఇంకోరకం, మేత (బీఓడీ) తక్కువైతే మరోరకం పెరుగుతాయి. ఈ మూడు ఆక్సిడెంట్లూ కలుపు కోయడం లాంటిది. వేరు అలాగే ఉంటుంది.

ఓజోన్

ఫ్లాక్ లోపల ఉన్న బ్యాక్టీరియాకి చుట్టూ గోడలా మిగతావి అడ్డుంటాయి. బయటికి పొడుచుకొచ్చిన ఫిలమెంట్‌కి ఆ రక్షణ లేదు. కాబట్టి కొద్ది మోతాదులో ఓజోన్ ఇస్తే ముందు తగిలేది దానికే. ఓజోన్ స్లడ్జ్‌లో క్షణాల్లో ఖర్చయిపోయి ఆక్సిజన్‌గా మారుతుంది, క్లోరిన్ కలిసిన కర్బన పదార్థాలేవీ మిగల్చదు. పైపెచ్చు కొంత డీఓ ఇస్తుంది, కొంత రంగు పోగొడుతుంది. పోషకాలను తొలగించే ప్లాంట్లలో దీన్ని వాడి బల్కింగ్‌ని అదుపు చేయడం గురించి దక్షిణాఫ్రికా పరిశోధకుడు వాన్ లీవెన్ 1988లోనే ప్రచురించారు. అంటే ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు.

మోతాదు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. స్లడ్జ్ దిగేలా చేయడానికి రోజుకి కిలో స్లడ్జ్‌కి కొద్ది గ్రాముల ఓజోన్ చాలు. 2 నుంచి 4 గ్రాములతో మొదలుపెట్టడం క్షేమం. కానీ స్లడ్జ్‌ని కరిగించి, పారబోసే పరిమాణం తగ్గించడానికి కూడా ఓజోన్ వాడతారు. జపాన్‌లో 1990ల్లో అభివృద్ధి చేసిన ఆ పద్ధతిలో మోతాదు కిలోకి 30 నుంచి 50 గ్రాములు. రెండూ ఒకే యంత్రం, ఒకే పైపు. పని మాత్రం పూర్తిగా వేరు. అమ్మేవాళ్లు రెంటినీ కలిపి "స్లడ్జ్ దిగుతుంది, స్లడ్జ్ తగ్గుతుంది" అంటారు. ఒక మోతాదులో రెండూ రావు. కణాలు పగిలే స్థాయికి వెళ్తే లోపలి సీఓడీ (మొత్తం కర్బన కాలుష్యం కొలత), నైట్రోజన్, ఫాస్ఫరస్ అన్నీ నీళ్లలోకి వస్తాయి. హైదరాబాద్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో "వేగంగా తగ్గుతుంది కదా" అని నాబ్ పూర్తిగా తిప్పేశారు. రెండురోజుల్లో ఎస్‌వీఐ నిజంగానే పడిపోయింది. దానితోపాటు క్లారిఫయర్ నీళ్లు మజ్జిగలా తయారయ్యాయి, అమ్మోనియా ఎక్కింది. కోలుకోవడానికి నెల పట్టింది.

లెక్క ఒకటి వేసుకుందాం. వెయ్యి క్యూబిక్ మీటర్ల ఏరేషన్ ట్యాంక్, ఎంఎల్‌ఎస్‌ఎస్ 3,500. ట్యాంక్‌లో ఉన్న స్లడ్జ్ 3,500 కిలోలు. కిలోకి 3 గ్రాముల చొప్పున రోజుకి పదిన్నర కిలోల ఓజోన్. అంటే గంటకి సుమారు 440 గ్రాములు ఇచ్చే జనరేటర్. ఆక్సిజన్ తయారీ, చిల్లర్, పంపు కలిపి కిలో ఓజోన్‌కి సుమారు 15 నుంచి 20 యూనిట్ల కరెంటు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే రోజుకి 1,250 నుంచి 1,700 రూపాయలు. రోజు ఖర్చు భరించలేనిదేమీ కాదు. అసలు బరువు పెట్టుబడిది.

ఇప్పుడు కొటేషన్‌లో కనిపించని సంగతులు.

మొదటిది నైట్రైట్. ఒక గ్రాము నైట్రైట్ నైట్రోజన్ 3.43 గ్రాముల ఓజోన్‌ని తినేస్తుంది. పై ప్లాంట్‌లోనే రీసైకిల్ లైన్ రోజుకి వెయ్యి క్యూబిక్ మీటర్లు నడుస్తూ, అందులో నైట్రైట్ నైట్రోజన్ లీటర్‌కి 5 మిల్లీగ్రాములు ఉందనుకోండి. ఆ నైట్రైట్ ఒక్కటే 17 కిలోల ఓజోన్ అడుగుతుంది. మీరు ఇస్తున్నది పదిన్నర! ఫిలమెంట్ దాకా చేరేది ఎంత? సల్ఫైడ్ ఉన్నా ఇదే గతి. అందుకే ముందు రీసైకిల్ స్లడ్జ్‌ని వడగట్టి, ఆ నీళ్లలో నైట్రైట్, సల్ఫైడ్, సీఓడీ చూడండి. ఈ పరీక్ష అడగని సప్లయర్‌ని నేను నమ్మను.

రెండోది మన వాతావరణం. ఓజోన్ జనరేటర్ చల్లగా ఉంటేనే రాసిచ్చినంత ఇస్తుంది. దాని రేటింగ్ చల్లటి కూలింగ్ వాటర్‌కి రాసింది. మే నెలలో కూలింగ్ టవర్ నీళ్లు 32 డిగ్రీల మీద ఉంటే బోర్డు మీద ఉన్న అంకె రాదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇంకో చిక్కు: గాలిలో తేమ. గాలితో నడిచే యంత్రానికి డ్రయ్యర్ సరిగా లేకపోతే లోపల నైట్రిక్ యాసిడ్ తయారై ఎలక్ట్రోడ్లు పాడవుతాయి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఉన్నా తేమ సంగతి చూసుకోవాల్సిందే.

మూడోది కలపడం. ఓజోన్ నీళ్లలో తొందరగా కరగదు, స్లడ్జ్‌లో తొందరగా ఖర్చయిపోతుంది. వెంచురీ (ఓజోన్‌ని నీళ్లలోకి లాక్కునే సన్నటి గొట్టం) దగ్గర కలయిక సరిగా లేకపోతే పక్కనే ఉన్న ఫ్లాక్ మాడిపోతుంది, దూరంగా ఉన్న ఫిలమెంట్‌కి వాసన కూడా తగలదు. స్లడ్జ్‌లో వెంట్రుకలు, గుడ్డ పీలికలు ఉంటే వెంచురీ మూసుకుపోతుంది. కాంటాక్ట్ ట్యాంక్‌లో నురగ వస్తుంది. పైనుంచి బయటికి వచ్చే గ్యాస్‌కి డిస్ట్రక్ట్ యూనిట్ (మిగిలిన ఓజోన్‌ని నాశనం చేసేది) తప్పనిసరి. మామూలు రబ్బరు గ్యాస్కెట్లని ఓజోన్ కొన్ని వారాల్లోనే పగలగొట్టేస్తుంది. స్టెయిన్‌లెస్ 316, టెఫ్లాన్ ఉన్నాయో లేదో చూడండి. పనిచేసే చోట ఓజోన్ 0.1 పీపీఎం దాటకూడదు, 5 పీపీఎం ప్రాణాపాయం. గది అడుగున ఎగ్జాస్ట్, లీక్ అలారం, దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఇవన్నీ ధరలో ఉన్నాయా అని అడగండి.

క్లోరిన్, హైపో

ప్రపంచమంతటా బల్కింగ్‌కి ఎక్కువగా వాడింది ఇదే. లెక్కలు బాగా తెలిసినవి. వెయ్యి కిలోల స్లడ్జ్‌కి రోజుకి 2–3 కిలోల క్లోరిన్ ఇస్తే ఫిలమెంట్లు అదుపులో ఉంటాయి. 5–6 కిలోలు ఇస్తే కొద్దిరోజుల్లో చచ్చిపోతాయి. 10–12కి వెళ్తే ఫ్లాక్ కూడా పోతుంది. స్లడ్జ్ మొత్తం రోజుకి కనీసం మూడుసార్లయినా మందు తగిలే చోటు గుండా తిరగాలి. లేకపోతే మోతాదు ఎంత ఇచ్చినా సగం స్లడ్జ్‌కి అందదు.

పై ప్లాంట్‌కి 5 కిలోల చొప్పున రోజుకి 17.5 కిలోల క్లోరిన్, అంటే పది శాతం హైపో 175 లీటర్లు. ఒక డోసింగ్ పంపు, ఒక ట్యాంక్, అంతే. రేపే మొదలుపెట్టొచ్చు. ఎండాకాలంలో హైపో బలం క్యాన్‌లోనే తగ్గిపోతుంది కాబట్టి వచ్చిన ప్రతి లోడ్‌నీ టైట్రేట్ చేసి బలం చూడండి. క్లోరిన్ గ్యాస్ టన్నర్లు (టన్ను సిలిండర్లు) మాత్రం ఈ పనికోసం కొత్తగా తెచ్చుకోవద్దు. పది పీపీఎం దగ్గర ప్రాణం మీదకొచ్చే గ్యాస్‌ని స్లడ్జ్ కోసం ప్లాంట్‌లో నిల్వ పెట్టుకోవడం నాకు సబబుగా అనిపించదు.

జెడ్‌ఎల్‌డీ (చుక్క మురుగునీరు కూడా బయటికి వదలని ఏర్పాటు) ఉన్న ఫార్మా యూనిట్లలో "హైపో వేస్తే టీడీఎస్ పెరిగి ఎంఈఈ (నీటిని ఆవిరి చేసే యంత్రం) మీద భారం" అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. లెక్క వేస్తే 17.5 కిలోల క్లోరిన్ నుంచి వచ్చే ఉప్పు సుమారు 29 కిలోలు. రోజుకి 500 కిలోలీటర్లు నడిచే ప్లాంట్‌లో అది లీటర్‌కి 58 మిల్లీగ్రాములు. టీడీఎస్ వేలల్లో ఉన్న చోట ఇది కంటికి ఆనదు. అసలు భయపడాల్సింది క్లోరిన్ కలిసిన కర్బన పదార్థాల గురించీ, ఆర్‌ఓ (పొరలతో నీటిని వడగట్టే యంత్రం) దాకా ఫ్రీ క్లోరిన్ వెళ్తుందేమోనన్న దాని గురించీ. ద్రావకాలు, బ్రోమైడ్ ఉన్న నీళ్లలో ఇది చిన్న విషయం కాదు. బ్రోమైడ్ ఉంటే ఓజోన్ కూడా సుద్దపూస కాదు, బ్రోమేట్ తయారవుతుంది.

పెరాక్సైడ్

నెమ్మదిగా పనిచేస్తుంది, మోతాదు క్లోరిన్ కంటే చాలా ఎక్కువ కావాలి, కాబట్టి ఖరీదు. దీనికి ఒకే ఒక్క మంచి చోటుంది: మురుగు కుళ్లి సల్ఫైడ్‌తో వచ్చి థయోథ్రిక్స్ లాంటి ఫిలమెంట్లు పెరిగినప్పుడు. అక్కడ సల్ఫైడ్‌నీ తీసేస్తుంది, ఆక్సిజన్‌నీ ఇస్తుంది.

పాలీ, అల్యూమినియం

క్లారిఫయర్‌కి ముందు కేటయానిక్ పాలీ వేస్తే గంటల్లో స్లడ్జ్ దిగుతుంది. ఫిలమెంట్ ఒక్కటి కూడా చావదు. రేపు కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్లు శాంపిల్ తీసుకోవడానికి వస్తున్నారన్నప్పుడు నీళ్లతో పాటు స్లడ్జ్ పోకుండా ఆపుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. నెలల తరబడి వాడితే మాత్రం బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. పాలీఅల్యూమినియం క్లోరైడ్ చలిదేశాల్లో మైక్రోథ్రిక్స్ మీద బాగా పనిచేస్తుందని పేరు. ఆ ఫిలమెంట్‌కి చల్లటి నీళ్లు ఇష్టం కాబట్టి మన దగ్గర దాని అవసరం తక్కువ.

సెలెక్టర్, నడిపే తీరు

సెలెక్టర్ అంటే ఇదే: ఏరేషన్ ట్యాంక్ మొదట్లో చిన్న గదులు కట్టి, వచ్చే మురుగునీ రీసైకిల్ స్లడ్జ్‌నీ అక్కడ కలిపితే మేత ఒక్కసారిగా ఎక్కువ దొరుకుతుంది. అలాంటి చోట ఫ్లాక్ కట్టే బ్యాక్టీరియా గబగబా మింగేస్తుంది, ఫిలమెంట్లు వెనకబడతాయి. ప్రాగ్‌లో చుదోబా బృందం 1973లో ఈ సూత్రాన్ని వివరించింది. హైదరాబాద్‌లో కొత్తగా కట్టిన పెద్ద ఎస్‌టీపీల్లో చాలావాటికి వాడిన ఎస్‌బీఆర్ (ఒకే ట్యాంక్‌లో విడతలుగా శుద్ధి చేసే) పద్ధతిలోనూ నింపడం, ఆపడం అనే క్రమం వల్ల కొంతవరకు ఇదే జరుగుతుంది.

పై మందుల్లా కాకుండా ఇది కారణాన్నే ముట్టుకుంటుంది. ఫలితం కోసం మాత్రం స్లడ్జ్ వయసుకి రెండు మూడు రెట్ల కాలం ఆగాలి. పోషకాలు లేకపోవడం వల్ల వచ్చిన బల్కింగ్‌ని ఇది బాగుచేయదు. సివిల్ పని కాబట్టి ట్యాంక్ ఖాళీ చేయడానికి వీల్లేని ప్లాంట్లలో కుదరకపోవచ్చు. డీఓని 2 దగ్గర నిలబెట్టడం, ఈక్వలైజేషన్ ట్యాంక్‌లో (వచ్చిన మురుగుని ముందుగా నిల్వచేసే ట్యాంక్‌లో) కుళ్లకుండా గాలి ఇవ్వడం, వేస్టింగ్ క్రమంగా చేయడం లాంటివి దీనికంటే చవక. చాలా ప్లాంట్లలో వాటితోనే పని అయిపోతుంది.

అన్నీ ఒకచోట:

| | ఫలితం ఎప్పుడు | ఫ్లాక్‌కి ప్రమాదం | పెట్టుబడి | రోజు ఖర్చు | నీళ్లలో మిగిలేది |
|---|---|---|---|---|---|
| ఓజోన్ | కొద్దిరోజులు | మోతాదు దాటితే ఎక్కువ | చాలా ఎక్కువ | మధ్యస్థం | ఆక్సిజన్. బ్రోమైడ్ ఉంటే బ్రోమేట్ |
| హైపో | కొద్దిరోజులు | మోతాదు దాటితే ఎక్కువ | తక్కువ | మధ్యస్థం | క్లోరిన్ కలిసిన పదార్థాలు |
| పెరాక్సైడ్ | నెమ్మది | కాస్త తక్కువ | తక్కువ | ఎక్కువ | ఆక్సిజన్, నీరు |
| పాలీ | గంటలు | లేదు | తక్కువ | ఎక్కువ | పాలీ అవశేషం |
| సెలెక్టర్ | వారాలు, నెలలు | లేదు | ఎక్కువ | దాదాపు లేదు | ఏమీ లేదు |

మీరు ఎవరు?

ఏడాదికి ఒకసారి, ఏదో షాక్ లోడ్ తర్వాత బల్కింగ్ వచ్చే ప్లాంట్ అయితే హైపో, డోసింగ్ పంపు చాలు. ఓజోన్ ప్లాంట్ 11 నెలలు దుమ్ము పట్టి, అవసరమైన రోజున ఆన్ కాదు.

ఫార్మా, డై, టెక్స్‌టైల్ యూనిట్లలో రంగు కోసమో, విరగని సీఓడీ కోసమో ఇప్పటికే ఓజోన్ ఉందనుకోండి, అప్పుడు కథ మారిపోతుంది. మిగులు సామర్థ్యం నుంచి ఒక లైన్ రీసైకిల్ స్లడ్జ్‌కి లాగడానికి అయ్యే ఖర్చు కొత్త ప్లాంట్‌లో చిన్న భాగమే. క్లోరిన్ కలిసిన పదార్థాల మీద పరిమితి ఉన్నవాళ్లకీ, బల్కింగ్ ఏటా నెలల తరబడి వచ్చి కారణం తమ చేతిలో లేనివాళ్లకీ ఓజోన్ న్యాయమైన ఎంపికే. రెండో రకంలో ఉమ్మడి ఈటీపీలు వస్తాయి. సభ్య కంపెనీలు ఏం పంపుతాయో వాళ్ల అదుపులో ఉండదు.

డెయిరీ, ఆహార పరిశ్రమల వాళ్లు ముందు పోషకాలు, డీఓ, ఆ తర్వాత సెలెక్టర్ చూడాలి. తేలిగ్గా కరిగే చక్కెరలు, ఆమ్లాలు ఎక్కువగా వచ్చే నీళ్లలో ఓజోన్‌తో కోసిన ఫిలమెంట్ ఆపగానే మళ్లీ మొలుస్తుంది.

అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీల్లో లెక్క చిన్నది. 60 క్యూబిక్ మీటర్ల ట్యాంక్, ఎంఎల్‌ఎస్‌ఎస్ 3,000 అంటే 180 కిలోల స్లడ్జ్. కిలోకి 3 గ్రాముల చొప్పున గంటకి 22 గ్రాముల ఓజోన్ చాలు. ఫ్లష్ నీళ్ల కోసం పెట్టిన యంత్రమే సరిపోయే అవకాశం ఉంది. అయినా నేను వద్దంటాను. అక్కడ అసలు జబ్బు చాలాసార్లు నెలల తరబడి స్లడ్జ్ తీయకపోవడం, రాత్రిళ్లు కరెంటు బిల్లు కోసం బ్లోయర్ ఆపేయడం. బేస్‌మెంట్‌లో, గాలి ఆడని గదిలో ఓజోన్ లైన్ ఇంకొకటి పెంచడం మంచిది కాదు.

ట్రయల్ ఎలా చేయాలి

ఓజోన్ వైపే మొగ్గితే కొనకుండా ముందు అద్దెకి అడగండి. కిలోకి ఒక గ్రాముతో మొదలుపెట్టి రెండు మూడు రోజులకోసారి కొద్దిగా పెంచండి. రోజూ ఎస్‌వీఐ, క్లారిఫయర్ నీటి టర్బిడిటీ (మసక), అమ్మోనియా, మైక్రోస్కోప్ ఫొటో నాలుగూ రాయండి. చచ్చిన ఫిలమెంట్ వెంటనే మాయం కాదు. దాని ఖాళీ తొడుగు వేస్టింగ్‌లో బయటికి పోయేదాకా ఎస్‌వీఐ కొంత ఎక్కువగానే కనిపిస్తుంది. ఇది తెలియక మోతాదు పెంచుకుంటూ పోయి ఫ్లాక్‌ని చంపేసుకుంటారు. మైక్రోస్కోప్‌లో ఎక్కువ భాగం తొడుగులు ఖాళీగా కనిపించగానే ఎస్‌వీఐ ఇంకా 180 ఉన్నా సరే మందు ఆపేయండి. టర్బిడిటీ, అమ్మోనియా పెరగడం మొదలైతే ఆరోజే సగానికి తగ్గించండి.

ట్రయల్ బాగుండి కొనాలనుకుంటే ఆర్డర్‌లో గంటకి ఎన్ని గ్రాములు అని మాత్రమే రాయించుకోకండి. మీ ప్లాంట్ మే నెల కూలింగ్ వాటర్ ఉష్ణోగ్రత దగ్గర ఎన్ని గ్రాములు, కిలోకి అన్నీ కలిపి ఎన్ని యూనిట్లు, ఎన్ని వారాలు ఎస్‌వీఐ 150 లోపు ఉండాలి, అదే సమయంలో అమ్మోనియా ఎంత దాటకూడదు అని రాయించండి. చివరి పదిహేను శాతం డబ్బు ఒక వేసవి గడిచాకే ఇస్తామని పెట్టండి.